ఎదురుకాళ్ల దుర్గ: పదకొండో భాగం

ఉన్నాడు. తెనాలి దాకా ప్రాణంతోనే వచ్చాడు నాగశివ.

పోయినవారం అతన్ని అంబులెన్సులో వదిలేసి కథ ఆపినందుకు నన్ను తిట్టుకున్నవాళ్లు తిట్టుకునే ఉంటారు. అందుకే ముందు ఆ మాట చెప్పేశాను. రేపల్లె దిగువన పల్లెపాలెంలో సముద్రం మీద వేట చేసుకుని బతికే మనిషి నాగశివ. నిండా ముప్పై అయిదేళ్లు లేవు, మొహం ఉబ్బడం, కాళ్లు ఉబ్బడం మొదలైంది. తెనాలిలో ఓ ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళితే, అది కిడ్నీల జబ్బని, ఏ రకమో తేలాలంటే ముక్క తీయాలని అన్నారు. అక్కడి డాక్టరు రూతు అతని వీపులోంచి సూది పంపి కిడ్నీలోంచి పిసరంత ముక్క తీసింది. బయాప్సీ అంటారు దాన్ని. పట్టీ వేసి, బరువులెత్తొద్దు, కుదుపులొద్దు అని మరీమరీ చెప్పి ఇంటికి పంపింది. వారం తిరక్కుండానే మూత్రం ఎర్రగా పోసుకుంటూ, కళ్లు తేలేస్తూ మళ్లీ అదే ఆసుపత్రికి వచ్చిపడ్డాడు. వెంట వచ్చింది భార్య నాగదుర్గ, తల్లి గంగరత్నం. ఇంటి దగ్గర మధ్యలో ఏం జరిగిందో ఆ ముగ్గురికి తప్ప నాలుగో మనిషికి తెలియదు. ఇవాళ మనం చెప్పుకోవాల్సింది ఆ సంగతే.

ఉదయం డ్యూటీ మారే వేళయింది. ఐసీయూ బయట ఇనప కుర్చీల్లో అత్తాకోడళ్లిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. దుర్గ చీర అంచుకి అంబులెన్సులో అంటిన మరక ఇంకా అలాగే ఉంది. కడుక్కోవాలని కూడా తోచలేదు ఆ పిల్లకి. డాక్టరు రూతు తలుపు తీసుకుని బయటికొచ్చేసరికి ఇద్దరూ ఒక్కసారే లేచారు.

రూతు బాపట్ల మనిషి. తల్లి లూథరన్ స్కూల్లో టీచరు చేసిందట. మెత్తగా మాట్లాడుతుంది గానీ ఉన్నది ఉన్నట్టు చెబుతుంది.

"అమ్మా, స్కానింగ్ చూశాను. మేం ముక్క తీసినచోటే లోపల రక్తం కారుతోంది. కిడ్నీ చుట్టూ చేరింది కొంత, మూత్రంలో వస్తోంది కొంత. రక్తం ఎక్కిస్తున్నాం."

"ఎక్కిస్తే తగ్గుద్దా అమ్మా?" అంది గంగరత్నం చేతులు జోడించి.

"బయాప్సీ తర్వాత ఇలా కారడం ఎప్పుడో ఒకరికి జరుగుతుంది. అలాంటివాళ్లలోనూ చాలామందికి కదలకుండా పడుకుంటే దానంతటదే ఆగిపోతుంది. ఆగకపోతే తొడ మొదట్లో రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపించి, కారుతున్న చోటు వెతికి మూసేయాలి. కోసి చేసే ఆపరేషన్ కాదు. కాకపోతే ఆ చోటు కనబడాలంటే రంగుమందు ఎక్కించాలి. అది కిడ్నీలకి మంచిది కాదు, ఈయనవి అసలే దెబ్బతిని ఉన్నాయి. అందుకని సాయంత్రం దాకా చూద్దామా అని ఆలోచిస్తున్నాను." రూతు ఇద్దరి వంకా చూసింది. "ఇంటి దగ్గర ఏమన్నా జరిగిందా? కింద పడ్డాడా? బరువేమైనా ఎత్తాడా? వల గానీ లాగాడా?"

దుర్గ పెదవులు కదిలాయి. మాట బయటికి రాకముందే గంగరత్నం ఒకడుగు ముందుకేసింది.

"ఎక్కడమ్మా! మంచం దిగనిస్తే ఒట్టు. గ్లాసుడు మంచినీళ్లు కూడా నేనే చేతికందించా. మీరెట్టా చెప్పారో అట్టాగే చూసుకున్నామండి."

"నువ్వు చెప్పమ్మా," అంది రూతు దుర్గతో.

"లేదండి," అంది దుర్గ.

ఆ ఒక్క మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆ పిల్లకే తెలియదు. రూతు తలూపి లోపలికి వెళ్లిపోయింది. దుర్గ మాత్రం నిలబడ్డచోటే నిలబడిపోయింది. గంగరత్నం ఆమె రెక్క పట్టుకుని వరండా చివర మంచినీళ్ల క్యాను దగ్గరికి లాక్కెళ్లింది.

"చెప్పమాక," అంది గొంతు తగ్గించి. "ఎవురడిగినా చెప్పమాక."

"పని గట్టుకుని అడుగుతుంది కదత్తా. ఏదో కారణం ఉండబట్టే కదా అడగడం?"

"ఎందుకడుగుతుందో నాకు తెల్దా? తప్పు మన నెత్తినెయ్యడానికి! మీరే చేసుకున్నారు, మాకేం సంబంధం లేదు, గుంటూరెల్తారో బెజవాడెల్తారో ఎల్లండని బండెక్కిస్తారు. జంపనిలో మా చెల్లెలి తోడికోడలికి అట్టాగే చేశారు. దారిలోనే పోయింది. నా కొడుకుని దారిలో పోగొట్టుకోమంటావా?"

దుర్గ చూపు తన ఎడమకాలి మీద పడింది. చెప్పు లేదు ఆ కాలికి. రేపల్లెలో అంబులెన్సు ఎక్కే హడావిడిలో ఎక్కడో జారిపోయింది.

ఆ కాలి సంగతి పాత పాఠకులకు చెప్పక్కర్లేదు, కొత్తగా చదివేవాళ్ల కోసం చెబుతున్నాను. దుర్గ పుట్టింది బాపట్ల పక్కన సూర్యలంక రేవులో. తల ముందు రావాల్సిన బిడ్డ కాళ్లు ముందు వచ్చింది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు ఎడమకాలితో తొక్కితే నడుంపట్టు ఇట్టే వదిలిపోతుందని మనవైపు నమ్మకం. అబ్బే, అదంతా ఉత్తదే అని కొట్టిపారేసేవాళ్లు కూడా నడుం పట్టేసిన రోజు కిక్కురుమనకుండా వచ్చి బోర్లా పడుకుంటారు. పెళ్లయి పల్లెపాలెం వచ్చిన దగ్గర్నుంచీ దుర్గ గుమ్మంలో రోజూ ఎవరో ఒకరు. పొన్నూరు నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. కోడలి కాలి గురించి గంగరత్నం చేపల గంప దించిన ప్రతిచోటా గొప్పగా చెప్పుకునేది. బతుకులో దుర్గకి దక్కిన గౌరవమంతా ఆ కాలి వల్లే దక్కింది.

నిన్న సాయంత్రం ఏం జరిగిందంటే, మంచం మీద పడుకుని పడుకుని నాగశివకి నడుం పట్టేసింది. ఎడం పక్క సలుపుతోందని, తట్టుకోలేకపోతున్నానని మూలిగాడు. గంగరత్నం కోడలి వంక చూసి, "ఊళ్లో అందరి నడుములూ తొక్కుతావు, నీ మొగుడి నడుం కానరావట్లేదా?" అంది.

"పట్టీ ఉంది కదత్తా. కుదుపులొద్దన్నారు డాక్టరమ్మగారు," అంది దుర్గ.

"కుదుపంటే బండి ఎక్కడం. నువ్వు తొక్కడం కుదుపేంటే? పట్టీ పక్కన తొక్కు."

నాగశివ కూడా, "తొక్కవే దుర్గా, చచ్చిపోతన్నా," అన్నాడు. ఇంకేం చేస్తుంది? అతన్ని గడప పక్కన చాప మీద బోర్లా పడుకోబెట్టారు. ఆనవాయితీ ప్రకారం ఎవరూ నోరు మెదపకూడదు. తొక్కేవాళ్లూ, తొక్కించుకునేవాళ్లూ ఒక్క మాటైనా అంటే గుణం పోతుందంటారు. దుర్గ గోడ పట్టుకుని, ఎడమకాలు అతని నడుం మీద ఆనించి, మెల్లగానే బరువు మోపి కిందికి దువ్వింది. రెండోసారి అతని ఒళ్లు ఒక్కసారి బిగుసుకుంది. నొప్పి వదులుతోందనుకుంది. మూడోసారి కూడా తొక్కి కాలు తీసేసింది. ఆ రాత్రి నాగశివ బాగానే ఉందన్నాడు. తెల్లారి బాత్రూంలోకి వెళ్లినవాడు గోడ పట్టుకుని, "దుర్గా" అని ఒక్క కేక పెట్టాడు.

అదీ జరిగింది. ఇప్పుడు అత్త చెప్పొద్దంటోంది. ఆవిడ భయంలో నిజం లేదా అంటే, ఉంది. అలా బండెక్కించి పంపిన ఆసుపత్రులు లేకపోలేదు. దుర్గకీ ఆ భయం ఉంది. దాంతోపాటు ఇంకో భయం కూడా ఉంది. ఈ సంగతి నోరు దాటితే పల్లెపాలెంలో మళ్లీ తన గుమ్మం తొక్కేదెవరు? మొగుడి నడుం తొక్కి ప్రాణం మీదికి తెచ్చిందంటారు. మొగుడు చావుబతుకుల్లో ఉంటే నాకు ఈ ఆలోచనేంటి అని తనని తానే అసహ్యించుకుంది ఆ పిల్ల.

అప్పుడే సిస్టర్ బ్లెస్సీ తలుపులోంచి తల బయటపెట్టి, "నాగశివ వాళ్లు ఎవరండీ? ఒక్కరే రండి, చూసి వచ్చేయాలి," అంది. గంగరత్నం చెంగుతో కళ్లు తుడుచుకునేలోపే దుర్గ చెప్పు వదిలేసి లోపలికి వెళ్లిపోయింది.

నాగశివ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎండకీ ఉప్పుగాలికీ నల్లబడ్డ మనిషి ఇప్పుడు బూడిద రంగుకి తిరిగాడు. ఒక చేతికి రక్తం, ఇంకో చేతికి సెలైను. మంచం కింద వేలాడుతున్న మూత్రం సంచి వంక చూడకూడదనుకుంటూనే చూసింది దుర్గ.

"మావా," అంది.

"దుర్గా." కళ్లు తెరిచాడు. "ఒకటి చెప్పాలే నీకు. నువ్వు తొక్కినప్పుడు, రెండోసారి, లోపల ఏదో చిట్లినట్టయింది. వెచ్చగా పాకినట్టయింది."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదయ్యా!"

"మాట్టాడకూడదు కదా." అతను నవ్వబోయి ఊపిరందక ఆగాడు. "తర్వాత చెబుదామనుకున్నా. నువ్వు బెంగెట్టుకుంటావని మానేశా. డాక్టరమ్మకి చెప్పారా?"

"అత్త వద్దంది."

నాగశివ అంత నీరసంలోనూ ఆమె వేళ్లు పట్టుకున్నాడు. ఆ చెయ్యి మంచులా చల్లగా ఉంది. ఈ చెయ్యి ఇంకాసేపట్లో తనని పట్టుకోదేమో అన్న ఆలోచన రాగానే దుర్గకి మిగతా భయాలన్నీ ఎక్కడివక్కడ పోయాయి. ఊరేమనుకుంటే అనుకోనీ, ఆసుపత్రివాళ్లు గెంటేస్తే గెంటేయనీ, కాళ్లు పట్టుకునైనా ఇక్కడే ఉంటాననుకుంది.

బయట రూతు కౌంటరు దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడుతోంది. దుర్గ తిన్నగా వెళ్లి ఆమె ఎదురుగా నిలబడింది.

"డాక్టరమ్మగారూ, ఇందాక నేను అబద్ధం చెప్పానండి."

"ఒసే!" అని వెనక నుంచి గంగరత్నం పరుగెత్తుకొచ్చింది.

"నేను ఎదురుకాళ్లతో పుట్టానండి. నిన్న సాయంత్రం నడుం పట్టేసిందంటే నేనే తొక్కాను. మూడుసార్లు తొక్కాను. అప్పుడు లోపల ఏదో చిట్లినట్టయిందంట ఆయనకి. అప్పటిదాకా మూత్రం మామూలుగానే ఉందండి. తెల్లారేసరికి ఎర్రగా అయింది." ఒక్క ఊపిరిలో చెప్పేసి, రెండు చేతులూ జోడించింది. "మమ్మల్ని పంపించెయ్యమాకండి. తప్పు నాది, ఆయనది కాదు."

కౌంటరు వెనక కుర్రాళ్లు ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడికి నవ్వొచ్చింది కూడా. రూతు వాడి వంక ఒక్క చూపు చూసింది, నోరు మూసుకున్నాడు.

"తొక్కక ముందు మూత్రం మామూలుగా ఉందా? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు."

"మామూలుగానే ఉందండి. నేనే చూసేదాన్ని."

రూతు ఫోన్లో, "అజయ్ బాబు గారూ, సాయంత్రం దాకా ఆగొద్దు. ఇప్పుడే చేయాలి, బయలుదేరండి," అని పెట్టేసింది. తర్వాత దుర్గ భుజం మీద చెయ్యి వేసింది. "మా నాయనమ్మ కూడా తొక్కించుకునేదమ్మా. నేను నిన్ను ఏమీ అనను. మెల్లగా ఊరే నెత్తురైతే ఆగిపోతుంది, చూడొచ్చు. ఆగినది మళ్లీ మొదలై ఇలా కారుతోందంటే ధమని తెగిందనుకోవాలి. అది ఆగదు. నువ్వు చెప్పకపోతే సాయంత్రం దాకా కూర్చునేవాళ్లం."

"నా కాలే చేసిందా అమ్మా ఇదంతా?"

"ఆ నాళానికి దెబ్బ తగిలింది మా సూది వల్ల. అది మా పనిలో ఉన్న ప్రమాదమే. పైన గడ్డకట్టి ఆగింది. నీ కాలి బరువుకి ఆ గడ్డ కదిలి ఉండొచ్చు. కాదని చెబితే అబద్ధమవుతుంది."

నెత్తిన మొట్టినట్టు చెప్పింది, అయినా ఎందుకో దుర్గకి ఆ మాట మీద కోపం రాలేదు. గంగరత్నానికి వచ్చింది. ఆవిడ వరండాలో జనం చూస్తున్నారని కూడా చూడకుండా కోడలి మీద విరుచుకుపడింది.

"విన్నావా? చల్లబడిందా కడుపు? నా బిడ్డ ఉసురు తీసిందే నీ కాలు! పుట్టడమే కాళ్లు ముందెట్టి పుట్టావు, అమ్మని చంపబోయావు, ఇప్పుడు మొగుడి దగ్గరికొచ్చావు. నిన్ను చేసుకొచ్చిన రోజున నా కళ్లు పోయినయ్యే!"

తొక్కమన్నది ఎవరో దుర్గ అనొచ్చు. అనలేదు. ఆ మాట అన్నందువల్ల నాగశివకి ఒరిగేదేమీ లేదు. కుర్చీలో కూర్చుని చెంగు నోట్లో కుక్కుకుంది.

గొట్టంతో చేసే డాక్టరు అజయ్ బాబు గుంటూరు నుంచి వచ్చాడు. పొట్టిగా, హుషారుగా ఉన్న మనిషి. సంతకాలు పెట్టించుకుంటూనే దుర్గకి అర్థమయ్యేలా చెప్పాడు. తొడ మొదట్లో చిన్న గాటు, అంతే. అక్కణ్ణుంచి గొట్టాన్ని నాళంలోపలే నడిపించుకుంటూ కిడ్నీ దాకా తీసుకెళతారు. రంగుమందు వదిలితే కిడ్నీలోని నాళాలన్నీ టీవీలో కొమ్మలూ రెమ్మలూగా కనిపిస్తాయి. ఏ రెమ్మ దగ్గర రంగు బయటికి చిమ్ముతుందో అక్కడే చిల్లు. ఆ ఒక్క రెమ్మలోకి వెంట్రుకంత గొట్టం దూర్చి, ప్లాటినం తీగచుట్టలు వదిలి మూసేస్తారు. మిగతా కిడ్నీ ఎక్కడిదక్కడ ఉంటుంది.

"మత్తిస్తారా సార్?" అనడిగింది దుర్గ.

"అక్కర్లేదమ్మా. ఆ చోటు వరకే తిమ్మిరి సూది. మాతో మాట్లాడుతూనే ఉంటాడు," అన్నాడు అజయ్ బాబు.

నాగశివని స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. తలుపు మీద ఎర్రలైటు వెలిగింది. గంగరత్నం కోడలికి దూరంగా వెళ్లి, గోడకి ఆనుకుని నేల మీద కూలబడింది. దుర్గ కుర్చీలోనే ఉంది. కాపాడితే ఇంకెప్పుడూ ఎవరి నడుం మీదా కాలు మోపనని గంగమ్మ తల్లికి మొక్కుకుంది. మొక్కుకున్నాక ఇంకేం మొక్కుకోవాలో తెలియక ఊరికే తలుపు వంక చూస్తూ కూర్చుంది. పక్క కుర్చీలో ఎవరో ముసలాయన ఇడ్లీ పొట్లం విప్పుతూ, "తింటావా అమ్మా?" అన్నాడు. వద్దని తలూపింది.

ఎంతసేపయిందో. తలుపు తెరుచుకుని అజయ్ బాబు బయటికొచ్చాడు. మాస్కు గడ్డం కిందికి లాక్కున్నాడు. నవ్వుతున్నాడు.

"దొరికిందమ్మా. ఎడమ కిడ్నీ కింది భాగంలో ఒక్క రెమ్మ. బుడగలా ఉబ్బి, దాని పక్కనుంచి చిమ్ముతోంది. రెండు చుట్టలు పెట్టి మూసేశాం. మళ్లీ రంగు వదిలి చూశాను, ఒక్క చుక్క బయటికి రాలేదు. కిడ్నీ నిలబడింది."

దుర్గ ఏడ్చింది. ఇంతసేపూ బిగబట్టిందంతా ఒక్కసారి కట్ట తెంచుకుంది. నేల మీదున్న గంగరత్నం కూడా, "గంగమ్మ తల్లీ" అంటూ నుదురు నేలకానించింది. దుర్గ లేచి వెళ్లి అత్త పక్కన చతికిలబడింది. గంగరత్నం కోడలి వంక చూడలేదు గానీ దూరం జరగలేదు. ఆ కాస్తకే దుర్గ ప్రాణం కుదుటపడింది.

కథ ఇక్కడ ఆపేస్తే అందరం హాయిగా నిద్రపోదుము. ఏం చేస్తాం, జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

కాసేపటికి రూతు బయటికొచ్చింది. ఆవిడ నవ్వడం లేదు. చేతికి తొడుగులు కూడా తీయలేదు, వాటి నిండా నెత్తురు.

"కిడ్నీలో ఆగింది. కానీ గొట్టం తీసిన చోట నొక్కిపట్టి ఎంతసేపయినా ఆగట్లేదు. సూది గుచ్చిన ప్రతిచోటా ఊరుతోంది. మామూలు మనిషికి ఇలా కాకూడదు. రక్తం గడ్డకట్టే పరీక్షలు మొన్న బాగానే వచ్చాయి, కానీ కొన్ని జబ్బులు ఆ పరీక్షలకి దొరకవు. మీ వంశంలో ఎవరికైనా దెబ్బ తగిలితే రక్తం ఆగకపోవడం ఉందా? అతని తండ్రికి గానీ, తాతకి గానీ?"

"మా మామయ్య సముద్రంలో పోయారండి," అంది దుర్గ. "ఈయన చంటిపిల్లాడప్పుడే. పడవ తిరగబడిందంట. ఆయనకి ఏ జబ్బూ లేదండి."

దుర్గకి తెలిసింది అదే. ఊరందరికీ తెలిసిందీ అదే. మామ నాగులు శవం కూడా దొరకలేదంటారు. ఏటా ఆయన పోయిన రోజున నాగశివ నడుంలోతు నీళ్లలోకి దిగి, తండ్రి పేరు మూడుసార్లు పిలిచి, చెంబుడు పాలు సముద్రంలో పోసి వస్తాడు. ఎంత వేట ఉన్నా ఆ రోజు మాత్రం పడవ ఎక్కడు.

"మీరు చెప్పండమ్మా," అంది రూతు గంగరత్నంతో. "త్వరగా."

గంగరత్నం నేల వంక చూస్తోంది. ఇందాక వరండా అదిరేలా అరిచిన గొంతు ఇప్పుడు లేవలేదు.

"సముద్రంలో పోలేదు," అంది.

"ఏంటత్తా?"

"మా ఆయన సముద్రంలో పోలేదమ్మా. ఇశాపట్నం రేవులో బోటు మీద పనికెల్లాడు. పన్ను నొప్పంటే రోడ్డు పక్కన ఎవడి దగ్గరో పీకించుకున్నాడు. నెత్తురు ఆగలా. దూది పెట్టారు, సున్నం పెట్టారు, ఆగలా. కబురొస్తే పిల్లాణ్ణి చంకనేసుకుని ఎల్లా. నేనెల్లేసరికే మాట పడిపోయింది. తలగడంతా తడిసిపోయి ఉందమ్మా. అక్కడే కాల్చి వచ్చేశా. పడవ తిరగబడిందని ఊళ్లో చెప్పా."

"ఎందుకు?" అంది దుర్గ.

"మా మామ అట్టాగే పోయాడే, ఆల్చిప్ప కోసుకుని. నెత్తురు నిలవని ఇల్లని అప్పటికే అంటన్నారు. మళ్లీ ఆ మాట లేస్తే నా బిడ్డకి పిల్లనెవురిస్తారు? వాడితో ఏటకెవురు దిగుతారు? వాడికీ ఉందని నాకు తెలుసు. చిన్నప్పుడు గాలం గుచ్చుకుంటే పూటంతా కారేది. పసుపద్ది గుడ్డ కట్టి, ఎవురికీ చెప్పమాకని ఒట్టేయించుకునేదాన్ని."

రూతు కళ్లు మూసుకుని తెరిచింది. "బయాప్సీకి ముందు ఈ ప్రశ్న నేను అడిగాను కదమ్మా. అతన్ని అడిగితే మీరే మధ్యలో జవాబు చెప్పారు."

"అడిగారు. లేదన్నాను."

రూతు ఇంకొక్క మాట కూడా అనకుండా వెనక్కి తిరిగి, "బ్లెస్సీ! బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చెయ్యి, ప్లాస్మా కావాలని చెప్పు!" అంటూ లోపలికి పరుగెత్తింది. తలుపు ఆమె వెనకాల ఊగుతూనే ఉంది.

దుర్గ అత్త వంక చూస్తోంది. కోపమా, జాలా, ఏంటో ఆ పిల్లకే తెలియలేదు. నా బిడ్డ ఉసురు తీశావని ఇందాక నలుగురిలో తిట్టించుకుంది తను. తిట్టిన మనిషికి అప్పుడే ఇదంతా తెలుసు. తెలిసి కూడా ఆ భారమంతా తన కాలి మీద పెట్టి ఊరుకుంది. నిలదీసి అడుగుదామనుకుంది గానీ, కూలబడి ఉన్న ఆ మనిషిని చూస్తే నోరు రాలేదు.

బ్లెస్సీ బయటికొచ్చింది. పాపం, ఆ అమ్మాయికి చెమటలు పట్టేశాయి.

"ఎవరైనా ఒకరు లోపలికి రండి. ఆయన మెలకువగానే ఉన్నారు కదా, వాళ్ల నాన్న సంగతి డాక్టరుగారు చెబుతుంటే వినేశారు. లేవబోతున్నారు. కాలు కదిలిస్తే తొడ దగ్గర ఇంకా కారుతుంది. మా నాన్న ఎలా పోయాడో చెప్పేదాకా పడుకోనంటున్నారు."

గంగరత్నం కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వెల్లవే దుర్గా. నా తల్లివి కదూ. వాడి మొహం నేను చూళ్లేను. డాక్టరమ్మ పొరబడింది, మీ నాన్న సముద్రంలోనే పోయాడని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాడు."

దుర్గ మెల్లగా తన చెయ్యి విడిపించుకుంది.

"నేను చేసింది నేను చెప్పుకున్నానత్తా. ఇది నేను చెప్పేది కాదు."

గంగరత్నం గోడ పట్టుకుని లేచింది. రెండుసార్లు ఆగింది. బ్లెస్సీ తలుపు తెరిచి పట్టుకుంటే తల వంచుకుని లోపలికి వెళ్లింది. ఆ తలుపు మూసుకునేలోపే లోపలి నుంచి నాగశివ గొంతు వినబడింది. నీరసంగా ఉంది గానీ, వరండాలో అందరికీ వినబడేంత స్పష్టంగా ఉంది.

"అమ్మా, మరి ఇన్నేళ్లూ నేను పాలు పోసింది ఎవరికి?"